పేట పెళ్ళికొడుకుల కోటు

మా పేటలో పెళ్ళయిన మగాళ్ళందరూ ఒకే కోటులో పెళ్ళి చేసుకున్నారు. నవ్వకండి, నిజం. నర్సీపట్నంలో మా చర్చి వెనకున్న పేటలో ఏ ఇంటికైనా వెళ్ళి గోడ మీది పెళ్ళి ఫోటో చూడండి. మనిషి మారతాడు, కోటు మారదు. నల్లటి ఉన్ని కోటు, తొడల సగం దాకా పొడుగు, వెడల్పాటి కాలరు, లోపల వంకాయరంగు శాటిన్ లైనింగు. పెళ్ళికూతుళ్ళు ఎవరి తెల్లచీర వాళ్ళు కొనుక్కునేవారు. పెళ్ళికొడుక్కి మాత్రం చర్చి సంఘం కోటే. రోలుగుంట నుంచీ కోటవురట్ల నుంచీ కూడా మనుషులొచ్చి పట్టుకెళ్ళేవారు. మే నెల ఎండలో ఆ ఉన్ని కోటు తొడుక్కుని నిలబడ్డ పెళ్ళికొడుకులు ప్రమాణాలు చెప్పేలోపు తడిసి ముద్దయ్యేవారు. అయినా సరే, ఆ కోటు లేకుండా జరిగితే మావాళ్ళు దాన్ని పెళ్ళి అనేవారు కాదు.

లావుపాటి వాళ్ళకీ బక్కపలచటి వాళ్ళకీ ఒకే కోటు ఎలా సరిపోయేదంటే, మా నాన్న వల్ల. నాన్న టైలరు. మా ఇంటి ముందు గదే ఆయన దుకాణం. పెళ్ళికి వారం ముందు పెళ్ళికొడుకు వచ్చి నిలబడితే కొలతలు తీసుకుని, కోటుకి లోపలివైపు మడతలు పెట్టి, చేత్తో కుట్లు వేసి, ఆ మనిషి ఒంటికి పట్టేలా చేసేవాడు. పెళ్ళయిన మర్నాడు కోటు తిరిగొచ్చేది. ఆ కుట్లన్నీ విప్పి, ఎండలో ఆరేసి, వేపాకూ కలరా ఉండలూ వేసి ట్రంకుపెట్టెలో దాచేవాడు. కోటుకి కత్తెర తగలకూడదన్నది మా తాత నాటి కట్టడి. మడవాలి, విప్పాలి, అంతే.

మా నాన్నంత నెమ్మదస్తుణ్ణి నేను ఎక్కడా చూడలేదు. మెడలో టేపు ఎప్పుడూ ఎడమవైపుకి జారిపోతూ ఉంటే దాన్ని సర్దుకుంటూ, కుక్కిన పేనులా మిషను ముందు కూర్చునేవాడు. ఎవరు ఏం చెప్పినా "అలాగేనండీ" అనేవాడు. జాకెట్టు బాగా కుట్టలేదని గొడవకొచ్చిన వాళ్ళకీ అదే, కమిటీ వాళ్ళు వచ్చి చర్చి కర్టెన్లు ఊరికే కుట్టిపెట్టమన్నా అదే. ఆ మాట వింటే నాకు అరికాలి మంట నెత్తికెక్కేది. నాకు నోరెక్కువని పేటంతా అనేది. మా ఇంట్లో ఉండాల్సిన నోరంతా నా ఒక్కదానికే వచ్చింది మరి, నేనేం చేసేది?

అమ్మది కొండ. చింతపల్లి అవతల ఊరు. కొండకింద సంతకి విస్తళ్ళు కుట్టే అడ్డాకుల కట్టలు మోసుకొచ్చేదట. అదే సంతలో నాన్న చేతిమిషను పెట్టుకుని కూర్చునేవాడు. అమ్మ జాకెట్టు గుడ్డ ఆయన ఒళ్ళో పడేసి, "కొలిసేదేటి, సూసి కుట్టు," అందట. కుట్టాడు. సరిపోయింది. ఆ తర్వాత చాలా సంతలు ఆ జాకెట్టుకి ఏదో ఒక వంక చెబుతూ వచ్చింది, ఈయన ఆ వంక సరిచేస్తూ వచ్చాడు, చివరికి పెళ్ళయింది. అమ్మ బాప్తిస్మం తీసుకుంది, తెలుగు పాటలన్నీ నేర్చుకుంది, నాన్న కుట్టిన బట్టలకి కాజాలూ హుక్కులూ వేసేది. ఇన్నేళ్ళ తర్వాత కూడా పేటవాళ్ళకి ఆమె కొండమ్మాయే.

నేను డిగ్రీలో చేరేసరికి కోటు వైభవం అయిపోయింది. అవి తొంభైలు. పెళ్ళికొడుకులు వైజాగ్ వెళ్ళి అద్దె సూట్లు తెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఒకడు తేనెరంగు, ఒకడు ఆకాశనీలం, మెడలో ఎర్రటి టై. తాతల నాటి నల్లకోటు తొడుక్కోమంటే మొహం చిట్లించేవారు. అప్పటికే రెండేళ్ళుగా కోటు పెట్టెలోంచి బయటికి రాలేదు. ఆ ఏడు డిసెంబరులో కొండగాలి కోసేస్తుంటే, పొద్దున్నే కాలేజీకి వెళ్ళాలి, నా స్వెట్టరు మోచేతుల దగ్గర చిరిగిపోయింది. పెట్టె తీశాను. కలరా ఉండల వాసన గుప్పుమంది. తొడుక్కున్నాను.

అద్దంలో చూసుకుంటే చేతులు వేళ్ళు దాటి వేలాడుతున్నాయి, బొంత కప్పుకున్నట్టుంది. కాని విప్పబుద్ధి కాలేదు. చేతుల్ని రెండు మడతలు పైకి మడిచాను. లోపలి వంకాయరంగు శాటిన్ బయటపడి పట్టీలా మెరిసింది. నా చుడీదారు తెల్లది, ఆ నలుపు కింద అది వెలిగింది. నడుము దగ్గర వెనకవైపు రెండు మడతలు పెట్టి నాన్నలాగే చేత్తో కుట్టాను. అయినా ఇంకా ఏదో తక్కువగా ఉంది. అమ్మ పెట్టెలో ఆమె పెళ్ళికి ముందు వేసుకునే పూసల దండలుండేవి, పసుపువీ ఎర్రవీ. చర్చికి పూసలేమిటని ఎవరో అంటే తీసి దాచేసింది. అందులో ఒక దండ తెంపి కాలరు అంచంతా రెండు వరుసలుగా కుట్టుకున్నాను.

అమ్మ చూసి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "ఓలమ్మో! దొర కోటు మీద కొండోళ్ళ పూసలేటే? ఎవులైనా సూస్తే నవ్వుతారే గుంటా!"

"నవ్వనీయమ్మా. బాగుందా లేదా చెప్పు."

కాసేపు అటు తిప్పి ఇటు తిప్పి చూసింది. "బాగుంది," అంది చిన్నగా. ఆ పూసలు మళ్ళీ ఎండ చూడటం ఆమెకి సంతోషంగా ఉందని నాకు తెలిసిపోయింది.

నాన్న మాత్రం హడలిపోయాడు. "ఒగ్గీయమ్మీ, సంఘం వస్తువది. మనం దాసేవోళ్ళమే గాని ఏసుకునేవోళ్ళం కాదు," అన్నాడు. ఈ మాటతో నాకు పట్టుదల ఇంకా పెరిగింది. ఇన్నేళ్ళు దాచినవాడు ఎందుకు వేసుకోకూడదు? ఎండబెట్టింది మేము, పురుగు పట్టకుండా కాపాడింది మేము. ఆ రోజు ఆ కోటు వేసుకునే కాలేజీకి వెళ్ళాను. మర్నాడూ వెళ్ళాను. వారం తిరిగేసరికి బస్ కాంప్లెక్స్ దగ్గర కుర్రాళ్ళు నన్ను చూడగానే "కోటుదొరా, సలాం!" అని అరవడం మొదలుపెట్టారు. నేనూ దొరలాగే తలపంకించి, జేబుల్లో చేతులు పెట్టుకుని నడిచేదాన్ని. ఆడపిల్లల బట్టలకి జేబులు కుట్టకపోవడం ఎంత అన్యాయమో నాకు అప్పుడే తెలిసింది.

ఆ కోటు ఎక్కణ్ణించి వచ్చిందో పేటలో ఎవరికీ తెలియదు. ఏదో దొర వెళ్ళిపోతూ ఇచ్చాడనేవారు ఒకరు, విదేశాల నుంచి మిషనుకి వచ్చిన బట్టల మూటలో దొరికిందనేవారు ఇంకొకరు. తెలియకపోతే ఊరుకుంటానా నేను? ఒక దొరని తయారుచేశాను. దానికి నాకో ఆధారం కూడా ఉంది. కోటు తొడుక్కుంటే ఎడమ భుజం కుడిదానికన్నా వేలెడు ఎత్తుగా నిలబడేది. తడిమి చూస్తే అక్కడ లోపల ఏదో మెత్త తగిలేది. అంటే ఆ దొరకి ఎడమ భుజం వాలిపోయి ఉండాలి, దర్జీ ఆ లోటు కనపడకుండా మెత్త పెట్టి ఉండాలి. ఎందుకు వాలిపోయింది? డాక్టరు కాబట్టి. మందుల పెట్టె ఎడమ భుజానికి తగిలించుకుని కొండలు ఎక్కీ దిగీ వాలిపోయింది.

ఇంక చూడండి. ఆ దొరకి మంచు కురిసే ఊరు ఇచ్చాను. ఓడరేవులో కన్నీళ్ళు పెట్టుకున్న పిల్లనిచ్చాను. వంకాయరంగు లైనింగు ఆ పిల్లే ఎంచి తెచ్చిందన్నాను. నర్సీపట్నం వచ్చి ఈ ఎండకి కోటు విప్పి కొక్కేనికి తగిలించి, మళ్ళీ తొడగలేదన్నాను. కాలేజీలో నా స్నేహితురాళ్ళు లంచి టైములో కూర్చుని మరీ వినేవారు. ఒకమ్మాయి ఏడ్చింది కూడా. నాకు ఆ దొరంటే ఎంత జాలో! వాలిపోయిన ఆ భుజాన్ని తలుచుకుంటే గుండె నీరైపోయేది.

కమిటీ పెద్దాయనకి అలాంటి జాలి ఏమీ లేదు. ఆయన రిటైరైన మాస్టారు, పేటలో సగం మందికి అక్షరాలు దిద్దించాడు. ఆ సంగతి ఎవర్నీ మరిచిపోనిచ్చేవాడు కాదు. ఒక ఆదివారం నేను కోటుతోనే ఆరాధనకి వెళ్తే చర్చి మెట్ల మీద అందరి ముందూ ఆపాడు.

"ఏటమ్మా ఇది? ఆడపిల్ల మగోళ్ళ బట్ట తొడగకూడదని వాక్యంలో నేదా?"

"మరి అయ్యగారి తెల్లంగీ పాదాల దాకా ఉంటది గదండీ," అన్నాను, "అది గౌను కాదేటండీ?"

పాస్టరు అయ్యగారు పక్కనే ఉన్నారు. నవ్వాపుకోలేక దగ్గినట్టు చేసి లోపలికి వెళ్ళిపోయారు. ఆడవాళ్ళు ముక్కున వేలేసుకున్నారు. మాస్టారు ఎర్రబడిపోయి, "ఊరందరిదీ ఒక దారి, ఉలిపికట్టెది ఇంకో దారి," అన్నాడు. నాన్న వెనకనుంచి పరుగెత్తుకొచ్చి చేతులు జోడించాడు. "సెప్తానండీ, అలాగేనండీ." ఇంటికెళ్ళాక నాన్నతో నేను మాట్లాడలేదు. కోటూ విప్పలేదు.

మూడో శీతాకాలంలో యలమంచిలి బస్సు దిగుతుంటే తలుపు మేకు తగులుకుని ఎడమ చంక దగ్గర లైనింగు పర్రున చిరిగింది. ఏడుపొచ్చేసింది. ఇంటికొస్తే నాన్న లేడు, దారాలు కొనడానికి బజారుకెళ్ళాడు. ఆయన వచ్చేలోపు కుట్టేద్దామని కోటు ఒళ్ళో వేసుకుని చిరుగుని కాస్త విప్పాను. లోపల నా దొరగారి మెత్త కనిపించింది. ఆత్రంగా బయటికి లాగాను.

దూది. దాని చుట్టూ తెల్లగుడ్డ. ఆ తెల్లగుడ్డ మీద తెల్లదారంతోనే నేసిన చిన్నచిన్న పువ్వులు. ఆ గుడ్డ నాకు తెలుసు. అమ్మ పెళ్ళి జాకెట్టు అదే గుడ్డ, ఇప్పటికీ పెట్టె అడుగున ఉంది, చిన్నప్పుడు దాన్ని వేసుకుని ఆడుకునేదాన్ని. కుట్లు చూశాను. అందరి కుట్లూ ఒకవైపుకి వాలితే ఇవి ఇంకోవైపుకి వాలాయి. నాన్నది పుర్రచెయ్యి.

నాన్న చిన్నప్పుడు తాటిచెట్టు మీంచి పడ్డాడు. ఎముక సరిగ్గా అతకలేదు. ఎడమ భుజం వాలిపోయి ఉంటుంది. అందుకే మెడలో టేపు అటు జారిపోతుంది. పుట్టిన దగ్గర్నుంచీ రోజూ చూస్తున్న భుజం! దాన్ని వదిలేసి, సముద్రం అవతలనుంచి ఎవడో దొరని పిలిపించి, వాడి భుజానికి జాలిపడ్డాను. సిగ్గుతో నా చెవులు కాలిపోయాయి.

అమ్మ అరుగు మీద కూర్చుని హుక్కులు కుడుతోంది. వెళ్ళి మెత్త ఆమె ముందు పెట్టాను. "ఇదేమిటమ్మా?"

దాన్ని చూసి సూది ఆపింది. "ఇంకా ఉందేటి ఇది?" అంది. తనే చెప్పింది. "పెళ్ళికి మూడ్రోజుల ముందునుంచీ కుట్టుకున్నాడే మీ నాన్న. అందరికీ కుట్టినోడు, తనకి కుట్టుకోడా మరి? బుజం ఎత్తుకి నా జాకెట్టు గుడ్డ ముక్కడిగి తీసుకున్నాడు. పెళ్ళినాడు పొద్దున్న మాస్టారొచ్చేడు. అప్పటికి ఆయనే కమిటీ సెక్రెటరీ. పిల్ల కొండపిల్ల, నీళ్ళలో ములిగి నెల్లాళ్ళు కానేదు, సంఘం కోటు సంఘంలో పుట్టినోళ్ళ పెళ్ళిళ్ళకే అని ఒంటిమీంచి ఇప్పించి అట్టుకుపోనాడు."

"నాన్న ఏమన్నాడు?"

"ఏటంటాడు? అలాగేనండీ అన్నాడు. తెల్లసొక్కాతో నిలబడ్డాడు. పోటో తీయించుకోనేదు. దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారే, అలాగ. అయ్యగారు పెళ్ళి సేసేరు, కమిటీ కోటివ్వనేదు."

"నీకు బాధనిపించలేదా?"

"నాకేటి బాద? నాను కోటుని పెళ్ళాడేనేటి?" అంది. అని దారాన్ని పళ్ళతో కొరికింది. కొరికిన దారాన్నే మళ్ళీ కొరికింది.

నాన్న వచ్చాక మెత్త చూపించాను. ఒక్క క్షణం చూసి మొహం తిప్పుకున్నాడు. "తియ్యడం మరిసిపోనానమ్మీ," అన్నాడు.

"ఇరవై ఏళ్ళా? ఆ కోటు ఎన్నిసార్లు విప్పావు, ఎన్నిసార్లు కుట్టావు! అన్ని కుట్లూ విప్పినవాడివి ఇదొక్కటే మర్చిపోయావా?"

నాన్న టేపు సర్దుకున్నాడు. మూతి చివర చిన్న నవ్వు కదిలింది. అలాంటి నవ్వు ఆయన మొహంలో నేను అంతకుముందెప్పుడూ చూడలేదు. "ఒట్టి దూదే గదమ్మీ, ఎవులికి బరువు?" అన్నాడు.

అప్పుడు పరుగెత్తాను పేటలోకి. ఏ ఇంట్లో పెళ్ళి ఫోటో ఉంటే ఆ ఇంటికల్లా వెళ్ళాను. మా అమ్మానాన్నల పెళ్ళికి ముందు పెళ్ళయిన వాళ్ళ భుజాలు సమంగా ఉన్నాయి. తర్వాత పెళ్ళయిన ప్రతి ఒక్కడి ఎడమ భుజమూ వేలెడు ఎత్తుగా ఉంది, నాకేం తెలుసన్నట్టు ఎగరేసినట్టుంది. పెళ్ళికొడుకుల కంగారు అనుకునేవారట అందరూ! మాస్టారి ఇంట్లో ఆయన పెద్దకొడుకు ఫోటో ఉంది. అందులోనూ అంతే. మా అమ్మ జాకెట్టు గుడ్డని భుజాన మోస్తూ ప్రమాణాలు చేశాడన్నమాట. అక్కడే నిలబడి పగలబడి నవ్వాను. మాస్టారి భార్య కంగారుపడి మంచినీళ్ళిచ్చింది.

మా నాన్న ఏమీ చెయ్యలేదని ఇన్నాళ్ళూ అనుకున్నాను. చేశాడు. తనకివ్వని కోటులో తన పెళ్ళిని దాచిపెట్టి, పేటంతటికీ తొడిగాడు. కాని అది ఎవరికీ కనిపించకుండా చేశాడు, అదే నాకు కడుపుమంట. మెత్తని మళ్ళీ దాని చోట పెట్టి కుట్టాను. దొర కథ ఇంకెవరికీ చెప్పలేదు. ఆ తర్వాత ఆ కోటు వేసుకుని మాస్టారి ఇంటి ముందునుంచి వెళ్ళేటప్పుడు కావాలనే నెమ్మదిగా నడిచేదాన్ని.

డిగ్రీ అయ్యాక నాన్న మిషను పక్కనే ఇంకో మిషను వేసుకున్నాను. ఏళ్ళు గడిచాయి. రెండువేలు దాటాక, అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వస్తున్న రోజుల్లో, మా చర్చికి జూబిలీ వచ్చింది. సెంటర్లో ఫ్లెక్సీలు కట్టారు. అప్పుడు గుర్తొచ్చింది కమిటీకి కోటు. ఇన్నాళ్ళూ పరువు తక్కువైన కోటు ఒక్కసారిగా చరిత్ర అయిపోయింది. దాన్ని అద్దాల బీరువాలో పెట్టి, అందులో పెళ్ళి చేసుకున్న వాళ్ళందరి పేర్లతో పక్కన బోర్డు పెడతారట. మాస్టారు కర్ర ఊతంగా ఇద్దర్ని వెంటబెట్టుకుని మా ఇంటికొచ్చాడు.

"ఆదివారానికి కోటు సిద్దం సెయ్యమ్మా. ఆ పూసలూ గీసలూ పీకీ," అన్నాడు.

బోర్డు మీద రాయబోయే కాగితం చూపించమన్నాను. పైనుంచి కిందిదాకా చదివాను. "మా నాన్న పేరు లేదండీ," అన్నాను.

"ఏసుకోనోడి పేరెలాగ రాస్తామమ్మా? సరిత్ర గదా ఇది."

"వేసుకోనిస్తే కదా!"

"లాక్కున్నామేటి? మీ నాన్నే ఇప్పి ఇచ్చేడు. అడుగు."

నాన్న మిషను మీంచి లేచి నిలబడి ఉన్నాడు. ఆయన నోరు తెరిచేలోపు నేనే అన్నాను. "కోటు ఆదివారం చర్చికే వస్తుందండీ. మీరు వెళ్ళిరండి."

వాళ్ళు వెళ్ళాక నాన్నకి చెప్పాను, ఆ కోటు ఆయనే వేసుకుని వెళ్ళాలని. ససేమిరా అన్నాడు. ఈ వయసులో ఏమిటన్నాడు, అందరూ నవ్వుతారన్నాడు. కొలత తీసుకుంటానంటే నిలబడలేదు. నాకు కోపం ఆగలేదు, అనరాని మాట అనేశాను. "అమ్మ కోసం ఒక్కసారైనా కాదనలేకపోయావు నువ్వు. ఒక్కసారి!"

అమ్మ వంటింట్లోంచి "ఒలే!" అని కేకేసింది. నాన్న మెడలో టేపు తీసి మిషను మీద పెట్టాడు. తల వంచుకుని బయటికి వెళ్ళిపోయాడు. మూడు రోజులు నాతో మాట్లాడలేదు. తిన్నాడు, కుట్టాడు, పడుకున్నాడు. ఆయన్ని విరిచేశానేమోనని భయమేసింది. ఆ మాట వెనక్కి తీసుకోవాలని ఉన్నా నోరు రాలేదు. నోరెక్కువ వాళ్ళతో ఇదే చిక్కు, అవసరమైన మాట అప్పుడే దొరకదు.

శనివారం పొద్దున్న కోటు ముందేసుకున్నాను. నా నడుము మడతలు విప్పాను, కాలరు పూసలు తీసేశాను. నాన్న ముసలివాడవుతున్నాడు, సన్నబడ్డాడు. కొలత లేకుండా, చూసి కుట్టాను. కోటు ఆయన మిషను పక్కన మేకుకి తగిలించి నా పని చేసుకుంటూ కూర్చున్నాను. తొడుక్కోమని అడగలేదు.

నాన్న వచ్చి కూర్చున్నాడు. ఒక జాకెట్టు కుట్టాడు. రెండోది మొదలుపెట్టి ఆపాడు. కోటు కేసి చూశాడు, నా కేసి చూశాడు. లేచి చెయ్యి మడత రెండు వేళ్ళతో పట్టుకున్నాడు.

"ఏటిది? ఇలాగేనా నీకు నేర్పేను? సెయ్యి మెలి తిరిగిపోతంది."

కోటు మేకు మీంచి తీసి ఒళ్ళో వేసుకున్నాడు. నా కుట్లన్నీ పటపటా విప్పేశాడు. సూదిలో నల్లదారం ఎక్కించి పుర్రచేత్తో కుట్టడం మొదలుపెట్టాడు. గంట పట్టింది. ఎడమ భుజం దగ్గరికొచ్చి లైనింగు పైనుంచే బొటనవేలితో ఒకసారి తడిమాడు, అంతే, దాని జోలికి పోలేదు. అంతా అయ్యాక కాలరు తిప్పి చూసి, "పూసలు పీకీసేవేటి?" అన్నాడు.

"మాస్టారు పీకమన్నాడుగా."

"బేగి కుట్టు మళ్ళీ."

నాకు కళ్ళు మసకబారిపోయి సూదిలో దారం ఎక్కలేదు. అమ్మే వచ్చి ఎక్కించింది.

ఆదివారం నాన్న కోటు తొడుక్కున్నాడు. తెల్లప్యాంటు, తెల్లచొక్కా, పైన నల్లకోటు, కాలరు చుట్టూ పసుపూ ఎరుపూ పూసలు. రెండు భుజాలూ సమంగా ఉన్నాయి. నా పాతికేళ్ళ పైచిలుకు జీవితంలో మా నాన్న భుజాలు సమంగా ఉండటం అదే మొదటిసారి చూడటం. అన్నేళ్ళు ఆ కోటుని నేను ఎన్ని రకాలుగా వేసుకున్నానో! ఒక్కసారీ అలా కుదరలేదు. అది నాది కాదని ఒప్పుకోవడం కష్టంగానే ఉంది, కాని ఒప్పుకున్నాను. ముగ్గురం పేట మధ్యలోంచి నడిచాం. అరుగుల మీది వాళ్ళు మాటలాపేశారు. ఎవరో కిసుక్కుమన్నారు. నేను వెనక్కి తిరిగి చూస్తే ఆ నవ్వు ఆగిపోయింది.

చర్చిలో మాకు కుడివైపు మగవాళ్ళు, ఎడమవైపు ఆడవాళ్ళు కూర్చుంటారు, మధ్యలో దారి. వేదిక పక్కన ఖాళీ అద్దాల బీరువా తలుపు తీసి ఉంది. మేము గుమ్మం దాటగానే గుసగుసలు మొదలై, ముందువరుస దాకా పాకి, ఆగిపోయాయి. నేనూ అమ్మా ఆడవాళ్ళ వైపు కూర్చున్నాం. నాన్న ఒక్కడే ముందుకి నడిచాడు. మాస్టారు కర్రతో బీరువా చూపించాడు.

"వొచ్చేవా? ఇప్పి ఇందులో తగిలించీ."

ఆయన పెదాలు కదిలాయి. అలాగేనండీ అంటాడు, ఇక అంతే అనుకున్నాను.

"నేదండీ," అన్నాడు నాన్న.

మాస్టారికి వినపడనట్టుంది. "ఏటీ?"

"ఇప్పనండీ. ఇది నా కొలతండీ." ఆ మాట చివరి వరుస దాకా వినిపించింది. బీరువా దాటి, మగవాళ్ళ వైపు ముందువరుసలో ఖాళీగా ఉన్నచోట కూర్చున్నాడు. చేతులు మోకాళ్ళ మీద పెట్టుకున్నాడు. అయ్యగారు వేదిక మీద నిలబడి చూస్తున్నారు.

నా పక్కన కదలిక. చూస్తే అమ్మ లేచి నిలబడింది. ఎక్కడికని చెయ్యి పట్టుకోబోయాను, విదిలించుకుంది. తెల్లచీర కొంగు తలమీదికి లాక్కుని, మధ్యదారిలోకి వచ్చి, ఎవరివైపూ చూడకుండా నడిచి, దారి దాటి, మగవాళ్ళ వైపు వెళ్ళి నాన్న పక్కన కూర్చుంది. మా చర్చిలో ఏ ఆడదీ అలా కూర్చోలేదు, పెళ్ళినాడు తప్ప.

మాస్టారు కర్ర నేలకి తాటించాడు. "ఇదేటమ్మా? ఆడోళ్ళు అటుకేసి."

అమ్మ తలెత్తి చూసింది. "పెళ్ళికొడుకు పక్కని కాపోతే పెళ్ళికూతురు ఇంకెక్కడ కూకుంటాదండీ?" అంది.

ఆరాధన అయ్యేదాకా అక్కడినుంచి కదల్లేదు.